బానెట్ మీద చెయ్యి

మార్టూరులో గ్రానైట్ లారీలు బాగుచేసే ఆ మేస్త్రి, ఏ బండి వచ్చినా ముందు ఇంజన్ స్టార్ట్ చేయించి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. ప్రార్థనా, పరీక్షా అని అడిగితే "రెండూ ఒకటేనండి" అనేవాడు. చెయ్యి తీశాక ఆయన చెప్పిన కంప్లయింట్ తప్పిందని నేనెప్పుడూ వినలేదు.

ఆయన్ని జాతీయ కార్ల పందేలకు తీసుకెళ్లింది నేనే. కొత్త సీజన్‌లో మా అక్క మొగుడు కారు దింపాడు. మొదటి పోటీ రోజు ఉదయం కొబ్బరికాయ కొట్టి, బానెట్‌కు బొట్లు పెట్టాం. ఇంజన్ స్టార్ట్ చేయగానే మేస్త్రి అలవాటుగా వెళ్లి చెయ్యి ఆనించాడు.

"లోపల ఏదో వదులైందండి. విప్పి చూడాలి."

"పోటీవాళ్లు ఇంజన్‌కి సీలేశారు. అది ఊడదీస్తే మనల్ని పందెంలో ఉండనివ్వరు. నువ్వు పక్కకి జరుగు," అన్నాడు బావ.

మూడో రౌండులో కారు పొగలు కక్కి ఆగిపోయింది. హెల్మెట్ తీస్తూనే బావ అందరి ముందూ అన్నాడు: "పూజ చేసిన బండి మీద ఆ క్రిస్టియనోడు చెయ్యేసినప్పుడే అనుకున్నా."

మేస్త్రి నావైపు చూశాడు. ఆయన ముందే చెప్పాడని బావకూ నాకూ తప్ప అక్కడెవరికీ తెలియదు. నేను వంగి బూటు లేసు బిగించుకున్నాను. అక్క మొగుడు కదా.

నెల తర్వాత నా కారు మొరాయిస్తే, సిగ్గులేకుండా ఆయన షెడ్డుకే వెళ్లాను. ఇంజన్ స్టార్ట్ చేసి నిలబడ్డాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. కారుకు రెండడుగుల దూరంలో ఆగి అడిగాడు.

"చెయ్యి పెట్టొచ్చాండి?"