ఆకాశంలో వాళ్ళకి దారి చూపిన మంట

మొన్న సాయంత్రం విజయనగరంలో మా మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే, పక్కవాటా అమ్మాయి సెల్‌ఫోన్ చూసి, అంతరిక్ష కేంద్రం ఇప్పుడే మన మీదుగా వెళుతుందని చెప్పింది. ఒక చుక్క మినుక్కుమనకుండా నడిచి వచ్చేసరికి, గుమ్మలక్ష్మీపురం అవతలి కొండల్లో నేను టీచరుగా ఉన్న గిరిజన బాలికల హాస్టలూ, అక్కడ చూసిన ఒక అవ్వా గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. కొత్తగా కొందరు రాకెట్ ఎక్కి ఆ కేంద్రానికి చేరారనీ, రెండు మూడు సాయంత్రాలు మన వైపు కనిపిస్తుందనీ పేపర్లో వేశారు. సరిగ్గా ఆ రోజే, మా హాస్టల్లో పదో తరగతి దాకా వచ్చిన ఒకే ఒక్క పిల్లని పరీక్షల ముందు ఇంటికి తీసుకుపోతానని వాళ్ళ అవ్వ వచ్చి కూర్చుంది. ఆవిడ తమ్ముడు చదువుకని పల్లానికి దిగి మళ్ళీ గడప తొక్కలేదట. నేను ఎంత బతిమాలినా, "సదువుకి దిగినోల్లు ఎనక్కి రారు టీచరమ్మా" అన్న ఒక్క మాట మీదే నిలబడింది.

కాస్త మెత్తబడుతుందేమోనని పిల్లలతో పాటు ఆవిడనీ ఆవరణలోకి తీసుకొచ్చి చుక్కని చూపించాను. అందులో మనుషులున్నారని మనవరాలు చెప్పగానే అవ్వ కంగారుపడింది. వాళ్ళ ఊళ్ళో సంత నుంచి పొద్దుపోయి వచ్చేవాళ్ళ కోసం కొండ వాలున నిలబడి ఎండు వెదురు కట్ట వెలిగించి ఊపుతారు; ఎవరి మనుషులైనా సరే, ఇల్లు చేరేదాకా దించరు. ఈవిడా మా వంటింటి పొయ్యిలో ఒక కట్ట అంటించి తెచ్చి ఆకాశంకేసి ఊపడం మొదలుపెట్టింది. పిల్లలు పకపకా నవ్వారు, నేనూ నవ్వాను. అంతలో చుక్క నడినెత్తిన భూమి నీడలోకి వెళ్ళి మాయమైంది. "బేగి సూడండే, ఆల్లేటైపోనారు?" అని అవ్వ కేక పెట్టేసరికి నవ్వులు ఆగిపోయాయి. నీడ సంగతి చెబితే శ్రద్ధగానే వింది గానీ, వాళ్ళు కంటపడేదాకా కదలనంది. పొద్దున్నే మనవరాలితో బయల్దేరాల్సిన మనిషి, మర్నాడంతా మా వంటమనిషి పక్కన చింతపండు గింజలు తీస్తూ ఉండిపోయింది.

సాయంత్రం చుక్క మళ్ళీ కొండ వెనక నుంచి లేచినప్పుడు, అవ్వ చేతులు జోడించి ఏడుస్తూ నవ్వింది. అంత దూరం పోయినవాళ్ళే వచ్చారు కదా అని తనలో తనే గొణుక్కుని, తెల్లారి మనవరాలి తల నిమిరి, ఒక్కర్తీ కొండెక్కి పోయింది. ఆ పిల్ల పరీక్షలు రాసి, నర్సయి, ఇప్పుడు ఆ కొండ కింది ఆసుపత్రిలోనే పనిచేస్తోంది.

రాకెట్ ఎక్కిన ఆ మనుషుల ధైర్యం నాకిప్పటికీ అబ్బురమే. పేరైనా తెలియని వాళ్ళ కోసం ఒక రోజంతా ఆగిపోయిన ఆ మనసూ అంతే అబ్బురం. అవ్వ ఇప్పుడు లేదు. ఆ ఊరికి తారురోడ్డు పడి ఆటోలు గుమ్మం దాకా వెళుతున్నాయి, వాలున నిలబడి ఎదురుచూసే పని ఎవరికీ లేదు. మంచిదే. వేరే ఊళ్ళల్లో ఉన్న మా వాళ్ళు కూడా, నేను ఊరెళ్ళి వస్తే, చేరావా అని అడగడం ఎప్పుడో మానేశారు. చేరే ఉంటానని వాళ్ళకి తెలుసు.