సంతలో చదివిన హుకుం

యుద్ధం నడుస్తున్న రోజులు. గద్వాలలో ఒక వకీలు దగ్గర నేను గుమాస్తాను. వీపనగండ్ల అవతలి పల్లె నుంచి సాయన్న అనే చాకలి వచ్చి మొరపెట్టుకోవడంతో ఈ ప్రయాణం మొదలైంది. ఊరికొచ్చిన అధికారుల సామాను ఊరికే మోయనన్నందుకు పటేలు అతని గాడిదలను తన దొడ్లో కట్టేసుకున్నాడు. వెట్టి చేయించరాదని సర్కారు హుకుం ఉంది. దాని ఉర్దూ నకలు ఇచ్చి, కచేరీలో చూపించి గాడిదలను విడిపించమని వకీలు నన్ను పంపాడు.

ఉదయం ఏడింటి బండెక్కి వనపర్తి రోడ్డు స్టేషన్లో దిగాను. అక్కడి నుంచి, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సు. ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి నడిచాం. పదకొండు దాటాక వనపర్తి చేరాను. సంస్థానం కచేరీలో గుమాస్తా కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"గిది సర్కారుది. ఆ ఊరు సంస్థానంది. నాగర్‌కర్నూల్ల అడుగు," అని నా పేరు రాసుకున్నాడు. ఎందుకో చెప్పలేదు.

సత్రంలో పడుకుని మర్నాడు పొద్దున్నే నాగర్‌కర్నూలు బస్సెక్కాను. పక్కన కూర్చున్న నల్లటోపీ ఆయన, "ఏం పని మీద పోతున్నవ్?" అని మూడుసార్లు అడిగాడు. వేగులవాడేమోనని, సంబంధం చూడటానికని బొంకాను. అక్కడి సర్కారు కచేరీలో జవాబు ఇంకా చిన్నది: "హుకుం మాదే. ఊరు మాది గాదు." అక్కడా నా పేరే రాసుకున్నారు. సాయన్న పేరు ఎవరూ అడగలేదు.

కొల్లాపూర్ దాకా బస్సు, ఆ పైన ఎడ్లబండి. మూడోరోజు మధ్యాహ్నం పల్లె చేరేసరికి సంత నిండుగా ఉంది. నా కోసం ఎదురుచూస్తున్న సాయన్నకు జరిగింది చెప్పాను.

"ఇద్దరు మాది గాదన్నరా? అయితే మాదే. ఈడనే చదువు పంతులూ."

"సభకు ఇజాజత్ గావాలె సాయన్నా. అనుమతి లేకుంటే పట్టుకపోతరు."

"సభ ఏంది? ఇది సంత."

నన్ను ముందుకు తోసి తను తప్పుకుంటాడేమోనని అనుమానం వచ్చింది. అయినా ఉల్లిగడ్డల కుప్ప పక్కన నిలబడి, ఒక్కో వరుస తెలుగులో చెప్పాను. సగంలో పటేలు వచ్చాడు.

"ఉర్దూల ఏముందో మీకేం ఎర్క? వీడు కల్పిస్తుండు!"

జనం నా వైపు అనుమానంగా చూశారు. అప్పుడు గాజులమ్మే ఖాసీం సాబ్ కాగితం తీసుకున్నాడు. కళ్ళ దగ్గర పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"పంతులు సక్కగనే జెప్పిండు. పటేలా, నువ్వు గూడ చూడు."

పటేలు కాగితం ముట్టలేదు. పుస్తకం తీసి ఖాసీం సాబ్ పేరు రాయబోయాడు. సాయన్న ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ముందుగాల నాది రాస్కో."

"నాది గూడ," అన్నాడు కుండలమ్మే కుమ్మరి. వెనక నుంచి ఒక ఆడమనిషి తన పేరు గట్టిగా చెప్పింది. నాలుగో పేరు దగ్గర పటేలు పుస్తకం మూశాడు.

పొద్దుగూకే వేళకు గాడిదలు ఇంటికొచ్చాయి. దొడ్డి తలుపు తీసినట్టు ఎవరూ ఒప్పుకోలేదు. ఆ పేర్లు ఏ కచేరీకి చేరతాయో కూడా ఎవరికీ తెలియదు.

కాగితం ఖాసీం సాబ్ దగ్గరే వదిలేసి, మర్నాడు తిరుగు ప్రయాణమయ్యాను. హుకుం ఉందని రెండు కచేరీలూ ఒప్పుకున్నాయి, ఊళ్ళోకి తెచ్చేవాడే లేకపోయాడు. స్టేషన్లో పోలీసు నా వైపు చూస్తే తల తిప్పుకుని రైలెక్కాను. ఎదుటి బల్ల మీది రైతు ముందుకు వంగి మెల్లగా అడిగాడు.

"ఏదో సంతల వెట్టి కాగితం చదివిన్రట. మా ఊరి సంత బేస్తారం. గా చదివెటాయన దొరుకుతడా?"

అతని ముఖంలోకి చూశాను. రైతో, వేగులవాడో తేల్చుకోలేకపోయాను.

"మీది ఏ ఊరు?" అని అడిగాను.