షెడ్డత్త ‘ఏటో’ డబ్బా

షెడ్డత్త పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను హారతి ఇస్తున్నాను. పూజ మధ్యలో నేను ఫోను ఎత్తను. అది మోగి ఆగింది, మళ్ళీ మోగింది. కర్పూరం పూర్తిగా కాలి, కళ్ళకు అద్దుకున్నాకే తీశాను. అవతల, షెడ్డత్త దగ్గరికి నాలాగే పనికి వచ్చే, మంగ్లా పేటలో ఉండే కుట్టుపని అమ్మాయి ఏడుస్తోంది. పొద్దున్నే రైల్వే ఆస్పత్రిలో పోయిందట. నాకు వెంటనే ఏడుపు రాలేదు. షెడ్డత్త గొంతే చెవిలో వినిపించింది: “నీ కర్పూరం ఆరిందాకా నేను సావడం కూడా ఆపాలేటే?”

ఆవిడ నాకు అత్త కాదు. ఈ హిందీ ఊళ్ళో మా తెలుగువాళ్ళ పేట తార్‌బహార్‌లో అందరూ అలాగే పిలిచేవాళ్ళు. భర్త లోకో షెడ్డులో డ్యూటీ మీద పోతే, ఆ ఇంటికి ఇచ్చే ఉద్యోగం ఆవిడకి ఖలాసీగా ఇచ్చారు. బరువులు మోసే పనితో మొదలుపెట్టి ఫిట్టరుగా రిటైరైంది. మోసి మోసి ఒక భుజం కిందికి వాలిపోయింది. రిటైరయ్యాక ఇక్కడి తెలుగు సంఘం హాలు వెనక గదిని అడిగి పుచ్చుకుని, తన పనిముట్లన్నీ తెచ్చి పెట్టింది. శనివారం మధ్యాహ్నం ఎవరైనా రావచ్చు. పాడైనవి బాగుచేసుకోవచ్చు, కొత్తవి చేసుకోవచ్చు, పనిముట్లు అందరివీ. ఇలాంటి చోటును మేకర్‌స్పేస్ అంటారని సంఘం వాళ్ళు గుమ్మం పక్కన ఒక బోర్డు తగిలించారు. ఆవిడ ఆ బోర్డు మీద నూనె గుడ్డలు ఆరేసేది.

నోరు మంచిది కాదు. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు గాని, ఆ నోరు తీసేస్తే ఆవిడలో సగం పోతుంది. గుమ్మంలో మిక్సీ పెట్టి “సాయంత్రం వస్తానండీ” అని తిరిగిపోయేవాళ్ళంటే ఆవిడకి రోత. ఒక పెద్దమనిషి పనిచెయ్యని కంప్యూటరు తెచ్చి, దానం అని చెప్పి, దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకుని వెళ్ళాడు. ఆవిడ దాని పొట్ట ఖాళీ చేసి ఉప్పు కాగితాలు పెట్టుకుంది. ఆ గదికి వెళ్ళిన నాలుగేళ్ళలో ఆ రోత నాకూ అంటింది. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. నాకంటినది నాలోనే ఉండిపోతుంది. ఇవాళ రాస్తున్నాను కాబట్టి కొంచెం బయటపెడతాను.

నిజానికి నేను మొదట వెళ్ళిందీ అలా వదిలేసి రావడానికే. మా భజన మండలి హార్మోనియంలో గాలి నిలవడం లేదు. రిక్షాలో తీసుకెళ్ళి, చెప్పులు బయట విడిచి, గుమ్మంలో పెట్టాను.

“ఇది కొంచెం చూడండత్తా. రేపు ఏకాదశి భజన ఉంది.”

“సూసినాను. ఇప్పుడేటి?”

“బాగుచెయ్యాలి.”

“సెయ్యి.”

“నాకు రాదత్తా.”

“రాదు కాబట్టే ఇక్కడికొచ్చినావు, మంచిదే. సెప్పులేసుకుని లోపలికి రా. ఇదేటి గుడనుకున్నావా? కాలి మీద సుత్తి పడితే నీ దేవుడొచ్చి పట్టుకుంటాడేటి?”

ఆ గదిలో చేరడానికి ఫీజు లేదు, ఫారం లేదు. ఒక్కటే పని. గోడవారగా రేకు డబ్బాలు వరసగా ఉండేవి. వాటి మీద తెలుగులో ఆవిడ రాత: మేకులు, బోల్టులు, కుళాయి, ఫ్యాను, సైకిలు. ఆఖరి డబ్బా మీద మాత్రం ‘ఏటో’ అని ఉండేది. దేనివో తెలియని ముక్కలన్నీ అందులో పడేవి. కొత్త మనిషి అందులోంచి ఒక ముక్క తీసుకోవాలి. అదేమిటో కనుక్కుని, దాని డబ్బాలో దాన్ని వెయ్యాలి. అంతవరకు ఆ మనిషి చుట్టపుచూపుగా వచ్చినట్టే లెక్క.

నా చేతికి వచ్చింది ఎండిన రేగుపండులా ముడుచుకుపోయిన చిన్న నల్లటి గిన్నెలాంటిది. మధ్యలో చిల్లు. రబ్బరు అన్నాను. నలిపి చూడమంది, కాదు. అట్ట అన్నాను. “నీ బుర్ర అట్ట” అంది. ఇంటికి తీసుకెళ్తే మా ఆయన “అచ్ఛా, ఇంజనీరమ్మ గారికి హోంవర్కా!” అని నవ్వి పేపరు తిరగేశారు. ముక్క వంక చూడను కూడా లేదు. ఆ ఏకాదశికి హార్మోనియం లేకుండానే పాడాం.

మూడో వారం స్టేషను దారిలో సైకిలు షాపతను గాలిపంపు విప్పి, కడ్డీ చివరనున్న తోలు గిన్నెకి నూనె రాస్తున్నాడు. నా ముక్కే, కాస్త పెద్దది. శనివారం వెళ్తూనే “తోలత్తా! సైకిలు పంపుది” అన్నాను. తోలు అన్న మాట నోట్లో ఉండగానే ముక్కని బల్ల మీద పెట్టేసి చెయ్యి కొంగుకి తుడుచుకున్నాను. ఆవిడ చూసింది.

“ఏటే, మైలంటుకుందేటి?”

“అది కాదత్తా, పూజ చేసే చెయ్యి కదా...”

“మీ భజన్లో మద్దెలకేటి కట్టినారే, అరిటాకా? నీ హార్మోనియం తిత్తి లోపల ఏటి అంటించినారో సూస్తే, పాట ఆపీసి తానానికి ఎల్తావు.”

గదిలో అందరూ నవ్వారు. హార్మోనియం విప్పితే గాలి తలుపుల మీద నిజంగానే తోలు, చిరిగిపోయి ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ తోలు ఊపిరితోనే నేను దేవుణ్ణి పిలిచాను.

ముక్క సైకిలు పంపులో వదులైపోయింది. “ఇంక దేనికుంటాది పంపు?” అని ఊరుకుంది ఆవిడ. అప్పుడు గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మా రైల్వే క్వార్టర్ వంటింట్లో పంపు స్టవ్వు ఉండేది. అమ్మ అప్పుడప్పుడు దాని కడ్డీ లాగి, చివరి ముక్కని కొబ్బరినూనెలో నానబెట్టేది. పక్కనే కూర్చుని నేను పాఠాలు వల్లించేదాన్ని. పెళ్ళయ్యాక అలాంటి స్టవ్వు మీదే ఏళ్ళ తరబడి వండాను, పంపు కొట్టుకోకపోతే బాగుచేసే మనిషికి కబురు పంపాను. సంతకం రాని అమ్మ చేసుకున్న పని, పన్నెండో క్లాసు చదివిన నాకు తెలియలేదు.

“అన్నేళ్ళు దాని మీద వండుకు తినీసి, దాని మొహం ఆనవాలు పట్టలేదేటే” అంది షెడ్డత్త. ఎవరి మీదా రానంత రోత ఆ రోజు నా మీద నాకు వచ్చింది. నాలుగింటికి ఆవిడ ఫ్లాస్కులోంచి టీ పోసి, మొదటి గ్లాసు నా చేతికిచ్చింది. అది ఆవిడ అలవాటు. ఆ వేళ అందరికంటే ఎక్కువ తిట్లు ఎవరు తిన్నారో వాళ్ళకే మొదటి టీ. హార్మోనియంకి కొత్త తోలు నేనే కోసి, నేనే అంటించాను.

షెడ్డత్త పనిలోకి దిగేముందు చీర మీద పాత ఖాకీ చొక్కా వేసుకునేది. ‘ఏటో’ డబ్బాలోంచి తనూ ఒక ముక్క తీసి ఆ జేబులో వేసుకునేది. మమ్మల్ని తిడుతున్నంతసేపూ కుడిచెయ్యి దాన్ని తడుముతూనే ఉండేది. రెండు మూడు వారాల్లో దాని పేరు చెప్పేసేది. ఆఖరి ముక్క మాత్రం ఏడాదిగా జేబులోనే ఉండిపోయింది. “ఇదొక్కటీ నాకు లొంగలేదే” అనేది. మాకు చూపించేది కాదు. “పేరు తెలీనిదాన్ని పారీకూడదు.” ఆ గదికి ఆవిడ పెట్టిన నియమం అదొక్కటే.

సంతాప సభ సంఘం హాల్లోనే పెట్టారు. ఫ్లెక్సీ మీద ఆవిడ ఫోటో చిన్నది, సంఘం పెద్దలవి పెద్దవి. ఒకాయన ఆవిడని అబల అన్నాడు, ఇంజన్ల కింద పాకి పనిచేసిన మనిషిని. ఇంకొకాయన తనకి తల్లిలాంటిదన్నాడు. ఆయన ఆ గదికి వచ్చింది ఒకే ఒక్కసారి, స్పానరుని గరిటెలా పట్టుకుని ఫోటో దిగడానికి.

తర్వాత కార్యదర్శి గారు లేచారు. నెహ్రూ నగర్‌లో ఉంటారు, మా తర్వాతి తరం. నోరు విప్పగానే మైకు గరగరమని ఆగిపోయింది. ఆయన దాన్ని తట్టారు, ఊదారు, “కోయీ టెక్నీషియన్ హై క్యా?” అని బాగుచేసేవాళ్ళ కోసం అరిచారు. వెనక వరసలో ఆ గదికి వెళ్ళే ఆడవాళ్ళం ఐదుగురం ఉన్నాం. తీగ పిన్ను దగ్గర ఊడిందని ఐదుగురికీ తెలుసు. రెండు నిమిషాల పని. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎవ్వరం లేవలేదు. నా దేవుడు దీన్ని క్షమిస్తాడో లేదో తెలియదు. నేనింకా అడగలేదు.

మైకు లేకుండానే ఆయన చెప్పిందేమిటంటే, షెడ్డత్త జ్ఞాపకార్థం వెనక గదికి ఆవిడ పేరు పెడతారట. లోపలి సామాను తీసేసి, ఫంక్షన్ల కుర్చీలు పెట్టుకుంటారట.

గది తాళంచెవి నా దగ్గర ఉంది. ఆస్పత్రికి వెళ్ళేముందు ఆవిడే నా కొంగుకి ముడివేసింది. “నువ్వు గట్టిగా మాటాడవు. అందుకే నీకిస్తున్నాను. గట్టిగా మాటాడినోళ్ళు మాటాడీసి ఎల్లిపోతారు” అంది.

సభ అయిన మూడో రోజు కార్యదర్శి గారు వచ్చారు. వెంట తోపుడుబండితో, పాత సామాను పోగుచేసే ముసలాయన.

“ఆంటీ, తాళం తీయండి. ఈ కబాడ్, పాత సామానంతా ఇవాళే హటాయించేద్దాం.”

తీశాను. “తీసుకెళ్ళండి బాబూ. కాని ఇక్కడొక నియమం ఉంది. పేరు చెప్పి తీసుకెళ్ళాలి. పేరు తెలియనిది గుమ్మం దాటదు.”

“పేరేంటి ఆంటీ, అంతా కబాడే కదా!” అని, చేతికందిన ఆఖరి డబ్బా లాగి, పైన రాసింది చూశారు. “యే క్యా లిఖా హై?”

తెలుగు సంఘం కార్యదర్శికి తెలుగులో రెండక్షరాలు చదవడం రాదు.

“ఏటో” అన్నాను.

“అంటే, ఏముంది ఇందులో?”

“ఏటో.”

“మీక్కూడా తెలీదా?”

“తెలిస్తే ఇందులో ఉండదు బాబూ.”

ఆయన ఒక ముక్క తీశారు. చిన్న పళ్ళ చక్రం. అటు తిప్పారు, ఇటు తిప్పారు. “మోటర్‌దా?” అన్నారు. “ఏ మోటారు?” అన్నాను. మళ్ళీ తిప్పారు. షెడ్డత్త అయితే తిట్టి ఉండేది. నేను స్టూలు జరిపి, నిదానంగా చూసి చెప్పమని కూర్చోబెట్టాను. ఆయన మెడ మీద చెమట పట్టింది.

గుమ్మంలోంచి ముసలాయన చెయ్యి చాచాడు. చక్రాన్ని వెలుతుర్లో పెట్టి, బొటనవేలితో ఒక్కో పన్నూ తడిమాడు. “ఏ తో టైప్ మశీన్ కే ఆయ్, దీదీ” అన్నాడు. టైపు మిషనుదట. అక్షరం కొట్టినప్పుడల్లా పైన బండి ఒక్క గడి జరిగేది దీని వల్లేనట. కోర్టు కచేరీలో తీసేసినవి బోలెడు విరగ్గొట్టాను అన్నాడు. గోనెసంచి ఆయన రెండో చేతిలోనే ఉంది. చక్రాన్ని అందులో వెయ్యలేదు. ఎక్కడ పెట్టమంటావని నన్ను అడిగాడు.

టైపు మిషనుకి డబ్బా లేదు. ఖాళీది ఒకటి తుడిచి, పేరు రాసి ఇచ్చాను. ఆయన చక్రం అందులో వేసి, సంచి మడిచి గుమ్మం మీద పెట్టి, రెండో ముక్క తీశాడు.

కార్యదర్శి గారు గడియారం చూసుకుని, కమిటీలో మాట్లాడతానని వెళ్ళిపోయారు. ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. కుర్చీలు వరండాలోనే ఉన్నాయి. తాళంచెవి నా కొంగునే ఉంది.

ఇప్పుడు శనివారాలు ఆ తోపుడుబండి గది ముందే ఆగుతోంది. మొన్న ముసలాయన గుమ్మంలో చెప్పులు విడవబోతే “వేసుకుని రండి, ఇదేటి గుడా?” అని తెలుగులోనే అనేశాను. నా నోట షెడ్డత్త ‘ఏటి’ రావడం విని కుట్టుపని అమ్మాయి కళ్ళు తుడుచుకోవడానికి మొహం తిప్పుకుంది.

చీలకి వేలాడుతున్న ఖాకీ చొక్కా మీద ఆయన కన్ను పడింది. ఆ జేబులో ఏముందని అడిగాడు.

“ఏటో” అన్నాను.

ఆయన చెయ్యి జేబు దాకా వెళ్ళింది. నా వంక చూసి వెనక్కి తీసుకున్నాడు. చొక్కా అలాగే ఉంది. జేబు బరువుకి ఒక భుజం కిందికి వాలి, అచ్చం ఆవిడ నిలబడినట్టే.