ఆఖరి లైటు వచ్చేదాకా

రామగుండంలో రైలెక్కి, ఆదివారం చెరువు పక్క కంట్రీ క్లబ్‌లో గోల్ఫ్ ఆడడం గురించి స్నేహితుడు మూర్తితో ఫోన్‌లో మాట్లాడాను. "తొందరేం లేదు. ఎవరి ఆట అయిపోతే వాళ్లం వెళ్లిపోదాం" అన్నాను.

ఎదురు సీట్లో ఉన్న పెద్దాయన బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. "గదేం ఆట బిడ్డా, ఎవరి దారిన వాళ్లు పోవుడు?" అన్నాడు.

నాకు చిరాకేసింది. "ఆటే కదండీ!"

"మేం షిఫ్టు అయినంక పైకొచ్చి, నెత్తికి పెట్టుకున్న లైటు అప్పజెప్పేది. దోస్తులల్ల ఒక్కని లైటు రాకున్నా ఎవ్వరం ఇంటికి పోకపోయేది."

ఆదివారం నా ఆట ముందే అయిపోయింది. చెరువు ఒడ్డున కూర్చున్నాను. ఎండ ముదిరాక మూర్తి వచ్చాడు.

"ఇంకా వెళ్లలేదేం?"

"నీ లైటు రాలేదుగా" అన్నాను.