ఇరవయ్యో వార్డు మంచినీళ్లు

భీమవరానికి దగ్గర్లోని ఆ చిన్న మున్సిపాలిటీలో ఇరవయ్యో వార్డు ఈసారి మహిళలకు రిజర్వయింది. ఆ సంగతి తెలిసిన పూటే అక్కడి మోతుబరి భద్రిరాజుగారు కోడలు భవ్య పేరు ఖాయం చేసేశారు. పేరు ఆమెది, పెత్తనం తనది అని ఆయన ఉద్దేశం. ఊళ్లో అందరూ అనుకున్నదీ అదే.

భవ్య మాత్రం అలా అనుకోలేదు. ఆమెది ఆకివీడు దగ్గర పల్లె. మైక్రోబయాలజీ చదివి, పెళ్లయ్యేదాకా ఒక ఆక్వా ల్యాబ్‌లో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసేది. ప్రచారానికి గడపగడపకూ తిరుగుతుంటే జనం రెండే బాధలు చెప్పుకున్నారు. చేపల మార్కెట్ వెనక మురుగు కాలువ పూడిపోయి వానొస్తే ఇళ్లలోకి పొంగుతోంది. కుళాయి నీళ్లు పచ్చగా, నీచువాసనతో వస్తున్నాయి. కాలువ పూడిక తీయిస్తానని ధైర్యంగా మాటిచ్చేది. నీళ్ల దగ్గరికొచ్చేసరికి మాట దాటేసేది.

మామగారి రొయ్యల చెరువులు ఊరికి ఎగువన, పంట కాలువ గట్టు మీదే ఉన్నాయి. రొయ్యల పట్టుబడి అయినప్పుడల్లా చెరువు నీళ్లన్నీ ఆ కాలువలోకి వదిలేస్తారు. మున్సిపాలిటీ మంచినీళ్ల చెరువు నిండేది ఆ కాలువతోనే. ఆ నీళ్లలో మేత కుళ్లూ మందులూ ఎంతుంటాయో భవ్యకు ఎవరూ చెప్పక్కర్లేదు.

భర్త శ్రీనివాసరాజుతో అంటే, ఎన్నికలయ్యాక నాన్నగారితో మాట్లాడతానని, అందాకా డ్రైనేజీ గురించే చెప్పమని అన్నాడు. సరేనంది. ఆనాటి నుంచి ఆమెకు అన్నం సయించలేదు. ఎవరింట్లోనైనా మంచినీళ్లు తెచ్చి చేతికిస్తే తాగకుండా పక్కన పెట్టేసేది.

ఆదివారం కమ్యూనిటీ హాలులో వార్డు సభ పెట్టారు. భద్రిరాజుగారు ముందు వరసలో కూర్చున్నారు. నర్సుగా పనిచేసే మెర్సీ లేచి నిలబడింది. వాళ్ల పాప విరేచనాలతో ఆసుపత్రిలో ఉండి అప్పుడే ఇంటికొచ్చింది.

"నేను ఎవర్నీ అనడానికి రాలేదండి. మీరు ల్యాబ్‌లో చేశారంట కదా. మా నీళ్లెందుకిలా వస్తున్నాయో మీకు తెలుసా అండి?"

తెలియదంటే ఆ పూట గడిచిపోతుంది.

"తెలుసండి. పైనున్న రొయ్యల చెరువుల నీళ్లు కాలవలో కలుస్తున్నాయి. వాటిలో మావీ ఉన్నాయి. నేను గెలిచినా ఓడినా, ముందు మావి ఊరి బయట మురుగు కాలవకి తిప్పిస్తానండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. భద్రిరాజుగారు కండువా సర్దుకుని బయటికి వెళ్లిపోయారు.

మర్నాటి నుంచి ప్రచారానికి మామగారి జీపు రాలేదు. తోటి చెరువుల వాళ్లు ఫోన్లు చేసి ఆయన్ని దులిపేశారు. అత్తగారు సూర్యావతి అటు మొగుడికీ ఇటు కోడలికీ మాటలు మోయలేక సతమతమైంది. భవ్య కాలినడకనే తిరిగింది. పోలింగుకి ముందురోజు భోజనాల దగ్గర మామగారు నోరు విప్పారు.

"నన్ను పదిమందిలో దోషిగా నిలబెట్టేశావమ్మా."

"మిమ్మల్ని ఒక్కర్నే నిలబెట్టలేదండి మావయ్యగారూ. పక్కన నేనూ నిలబడ్డాను."

ఆయన సగం అన్నం వదిలి చెయ్యి కడుక్కున్నారు.

భవ్య అత్తెసరు మెజారిటీతో గెలిచింది. లెక్కింపు దగ్గరికి మామగారు రాలేదు. ప్రమాణ స్వీకారానికీ రాలేదు.

చెరువుల్లో కొత్త పంట పట్టుబడికొచ్చింది. ఈసారి ఏం చేస్తారో అడిగే ధైర్యం లేక, భవ్య పొద్దున్నే స్కూటీ వేసుకుని చెరువుల దగ్గరికి వెళ్లింది. గట్టు మీద పొక్లెయిన్ ఊరి బయట మురుగు కాలువ వైపు బోదె తవ్వుతోంది. ఆమె ఊపిరి పీల్చుకునేలోపే అది ఆగిపోయింది. బోదె దాటాల్సిన పక్క చెరువు ఆసామి చంద్రరావు అడ్డంగా నిలబడి, తన గట్టు మీద చెయ్యి వేస్తే ఊరుకోనంటున్నాడు. భద్రిరాజుగారు అతన్ని బతిమాలుతున్నారు. మామగారు ఒకరిని బతిమాలడం భవ్య ఎన్నడూ చూడలేదు.

రొయ్యకు తెల్లమచ్చ రోగం తగిలేలా ఉంది, పట్టుబడి ఆపడానికి లేదు. బోదె ఇంకా సగమే అయింది; అది పూర్తి కాకపోతే నీళ్లు మళ్లీ పంట కాలువలోకే. భవ్య స్కూటీ స్టాండు వేసి, వాళ్లిద్దరి వైపు నడిచింది.