బానెట్ కింద బొట్టు

నాకు అక్షరాలు నేర్పింది బడి కాదు. చిన్నప్పుడు ఒక కాలు సరిగా పడేది కాదని ఇంట్లోవాళ్లు నన్ను బడికి పంపలేదు. జగ్గయ్యపేటలో నాన్నకు మెకానిక్ షెడ్డు ఉండేది. నన్ను అక్కడ స్టూలు మీద కూర్చోబెట్టి, బండి ఛాసిస్ మీద కొట్టిన నంబరుపై తెల్లకాగితం పరిచి, పెన్సిల్‌తో రుద్దమనేవాడు. ఇనుములో గుంటలుగా ఉన్న అంకెలు కాగితం మీద తెల్లగా తేలేవి. అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ నాకు అలాగే వచ్చాయి. రవాణా ఆఫీసుకు ఇవ్వాల్సిన ప్రింట్లు పదేళ్లకే నేను తీసేదాన్ని.

"కంపెనీ కొట్టిన నంబరు ప్రేయర్లో పిల్లల్లా నిలబడుద్దమ్మా. దొంగ నంబరు తాగినోడిలా నిలబడుద్ది" అనేవాడు నాన్న.

నాన్న పోయాక ఆ షెడ్డు నాకు వచ్చింది. ఇప్పుడు అందులో పని జరగదు, తాళం వేసి ఉంటుంది. నేను మాత్రం శుక్రవారం శుక్రవారం వెళ్లి ఊడ్చి, ఆ స్టూలు తుడిచి వస్తాను.

మా ఆయనకు పాత స్పోర్ట్స్ కారంటే వల్లమాలిన మోజు. నందిగామలో ఆయనకు వరసకు బావ అయ్యే ఒకాయన పాత కార్లు కొని అమ్ముతాడు. పోయినేడు ఆయన దగ్గరికి రెండు సీట్ల విదేశీ కారొకటి వచ్చింది. డబ్బు వద్దు, షెడ్డు స్థలం రాసిస్తే చాలన్నాడు. మా ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినకుండా నా మొహం చూస్తూ కూర్చున్నారు. చివరికి, నంబర్లన్నీ నేను చూశాకే సంతకం అన్నాను. అలాంటి కారు విలువంతా పుట్టినప్పటి ఇంజను ఇప్పటికీ దాంట్లో ఉండటంలోనే ఉంది. అది మారితే ఇక మిగిలేది పైన రేకు.

గురువారం వెళ్లాం. ఛాసిస్ నంబరు బండి రిజిస్ట్రేషన్ పుస్తకంలో రాసినదానితో సరిపోయింది. బానెట్ ఎత్తించి ఇంజను నంబరు కోసం వంగాను. సరిగ్గా ఆ చోట అరచేయంత ఎర్రటి బొట్టు, చుట్టూ పసుపు.

"వేదాద్రి స్వామి దగ్గర పూజ చేయించుకొచ్చాం చెల్లెమ్మా, పోయిన శనివారం. అదొక్కటీ ముట్టుకోకండి" అన్నాడాయన.

నా సంచిలో పెన్సిల్ ఉంది, కాగితం ఉంది. రెండూ తీయలేదు. చేతులు జోడించాను. బొట్టు అంచున వేలు ఆనించి, అంటిన ఎరుపును నుదుటికి రాసుకున్నాను. స్వామి మా ఇంటికి కారు పంపిస్తున్నాడని సంతోషపడ్డాను కూడా.

సాయంత్రం దీపం పెట్టబోతూ మొహం కడుక్కుంటే ఆ ఎరుపు పోలేదు. సబ్బుతో రుద్దినా పోలేదు. వేలు వాసన చూసుకున్నాను. అది నాన్న షెడ్డులో చిన్నప్పటి నుంచీ పీల్చిన వాసనే. కుంకుమ కాదు, తుప్పు పట్టకుండా ఇనుప గేట్లకు వేసే రెడాక్సైడ్ రంగు. శనివారం పెట్టిన బొట్టు గురువారానికి తడిగా ఎలా ఉంటుందని అప్పుడు తట్టింది నా బుర్రకి. చర్మం మండేదాకా కిరసనాయిలు గుడ్డతో నుదురు తోముకున్నాను. రోజూ దీపం ముందు, ఆ రోజు నాకు దొరికిన మంచినంతా తలచుకుని దణ్ణం పెట్టుకునే అలవాటు నాది. ఆ సాయంత్రం ఒత్తి వెలిగించి ఊరికే నిలబడ్డాను.

మర్నాడు మళ్లీ నందిగామ వెళ్లాం. ఈసారి సీసాలో రంగు కరిగించే థిన్నర్ పట్టుకెళ్లాను. బానెట్ ఎత్తగానే గుడ్డ తడిపి తుడిచేశాను.

"అయ్యయ్యో, స్వామి బొట్టు తుడిచేస్తారేంటి చెల్లెమ్మా! అపచారం కదూ!"

"స్వామిది కాదన్నయ్యగారూ, గేట్లకేసేది."

కాగితం పరిచి రుద్దాను. అంకెలు ఒకటి పైకీ ఒకటి కిందకీ తూలుతున్నాయి. వాటి వెనకంతా గ్రైండర్ గీతలు. ఆరు అంకె వెనక, సరిగా అరగని పాత ఎనిమిది లీలగా కనపడుతోంది. ఇంకేదో బండి ఇంజను తెచ్చి, దాని నంబరు అరగదీసి, ఈ కారు నంబరు కొట్టారు.

ఆయన సిగ్గుపడలేదు, నవ్వాడు. "పాత బళ్లకి ఇవన్నీ మామూలే బావగారూ. బొట్టుంటే ఎవరూ చెయ్యెయ్యరు గదా అని పెట్టా. మా చెల్లెమ్మ గట్టిది!"

ఆ నవ్వు చూడలేక కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. మా ఆయన మాట ఆ నవ్వుకు తోడైంది.

"పోనిద్దూ. బండి నడుస్తోందిగా? నంబరు వంగి చూసేదెవరే?"

"నా మొహం చూడండి" అన్నాను. కిరసనాయిలుకి నుదురు కమిలి, నడుమ చర్మం లేచిపోయింది. "నిన్న నేను దణ్ణం పెట్టింది దేనికో తెలుసా మీకు?"

ఆయన చూశారు. బానెట్ దించేసి, ఇంటికి పద అన్నారు.

దారిలో చిల్లకల్లు దగ్గర టీకి ఆగినప్పుడు ఆ కాగితం అడిగి తీసుకుని చాలాసేపు చూశారు.

"మీ నాన్నుంటే ఏమనేవాడో."

"ఏమీ అనేవాడు కాదు. చేతులు కడుక్కుని వచ్చేసేవాడు."

షెడ్డు నాకు మిగిలింది. ఆ శుక్రవారం స్టూలు తుడుస్తూ నాన్నకూ, చేతికి పెన్సిల్ ఇచ్చిన ఆయన బుద్ధికీ దణ్ణం పెట్టుకున్నాను.

నుదురు మానాక వేదాద్రి వెళ్లాం. దర్శనమయ్యాక పూజారిగారు అరచేతిలో కుంకుమ పెట్టారు. నుదుటి దాకా వెళ్లిన చెయ్యి దానంతటదే ఆగింది. స్వామి ఎదురుగా నిలబడి ఆ కుంకుమను రెండు వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాను. అది కుంకుమే. పెట్టుకున్నాను.

ఆ మనిషి కారు ఎవరికి అమ్ముకున్నాడో నాకు తెలియదు. స్వామి ముందు నేను ఆయన కుంకుమనే అనుమానించేలా చేసినందుకు మాత్రం అతన్ని తలచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది.