జీడినూనె పూసిన రేడియో

కాశీబుగ్గలో ఎవరి అటక దులిపినా ఆ దుమ్ము మా గుమ్మంలోనే పడుతుందని మా ఆవిడ దెప్పుతూ ఉంటుంది. నిజమే. పాడైన టేపురికార్డరు, మూగబోయిన రేడియో, పాత బారువ రేవు గురించి ఎవరైనా చెప్పే నాలుగు ముక్కలు, ఏది దొరికినా వదలను. వీటితో ఎవరికేం ఉపయోగం అని అడిగితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

కిందటేడు బారువ నుంచి చేపల వేటకు వెళ్లే ఒకాయన, నేను పాత రేడియోలు బాగుచేస్తానని విని వచ్చాడు. చుట్టరికం ఏమీ లేదు, అయినా మా వైపు అందరూ బావలే. సంచిలోంచి చెక్కపెట్టె రేడియో తీసి బల్ల మీద పెట్టాడు. ముట్టుకుంటే వేలికి నల్లగా అంటుకుంది.

"ఏటి బావా ఇది, తారు పూసినారా?"

"జీడినూనె. మా అయ్య రాసినాడు. పడవ సెక్కకి రాత్తాం గదా, పురుగు పట్టదని దీనికీ రాత్తాడు. మొన్న ఇంకో పూత ఏసినాడు, అంతే, పలకడం మానేసింది."

జీడిగింజ పెంకు నుంచి తీసే ఆ నూనె పడితే చర్మం బొబ్బలెక్కుతుంది. దాన్ని రేడియోకి పట్టించే మహానుభావుడు మా తీరంలో తప్ప ఇంకెక్కడుంటాడు? నాలుగు తిట్లు తిడదామని నోరు తెరిచాను. అతను తల వంచుకున్నాడు.

"అయ్యకి కిడ్నీలు పోనాయి. పలాసలో డయాలసిస్. ఇసుగొచ్చి, ఇంక రానంటన్నాడు. ముందు దాన్ని పలికించండి, అప్పుడు నాను బండెక్కుతానని మొండికేసినాడు. ఎల్లుండి ఎల్లాల బావా."

నోరు మూసుకుని స్క్రూడ్రైవర్ అందుకున్నాను.

స్టేషన్ తిప్పే చోట ఉండే పల్చటి రేకుల మధ్యకు నూనె దిగి జిగురుకట్టింది. అవి వంగితే ఇక అంతే, అలాంటివి ఇప్పుడు దొరకవు. గ్లవ్స్‌తో పట్టు చిక్కక తీసి పారేశాను. పెట్రోలు, పాత పళ్ల బ్రష్షు, బోలెడు ఓపిక. మర్నాటికి వేళ్లు బొబ్బలెక్కాయి. మా ఆవిడ అన్నం కలిపి ముద్దలు పెడుతూ, "ఆ పెద్దాయనకి ఆరోగ్యం రావాల, మీకు బుద్ధి రావాల" అంది. చిత్రమేమిటంటే లోపల ఎక్కడా తుప్పు లేదు. ఉప్పుగాలికి బారువలో ఇనుము నిలవదు. ఆయన పూతే దాన్ని కాపాడింది. తిట్టకపోవడం మంచిదైంది.

ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు పొద్దున్నే రేడియోని బారువకి నేనే మోసుకెళ్లాను. పెద్దాయన అరుగు మీద మంచంలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. స్విచ్ వేస్తే గరగరమంది. కాస్త తిప్పితే ముందు ఒడియాలో ఎవరో మాట్లాడారు. ఇంకాస్త తిప్పితే తెలుగులో, వేటకు వెళ్లేవాళ్లకు వాతావరణం చెబుతూ ఒక ఆడగొంతు. ఆయన ఇటు తిరిగాడు. చాలాసేపు వింటూ ఉండిపోయాడు. తర్వాత నా చేతులు చూసి, కోడలి చేత కొబ్బరినూనె తెప్పించి ఒక్కో వేలికీ తనే రాశాడు. సూదులు గుచ్చీ గుచ్చీ ఉబ్బిపోయిన చెయ్యి అది.

"నా నూనె సేసిన పని. నానే సూడాల" అన్నాడు.

నాకు ఏడుపొచ్చేసింది. ఇంత గొప్ప కూలి నాకెవరూ ఇవ్వలేదు. ఇన్నాళ్ల నా పిచ్చికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

కొడుకు బండి తీశాడు. పెద్దాయన లేచి భుజాన తువ్వాలు వేసుకున్నాడు. నేను రేడియో ఆపబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపకు బాబూ. తిరిగొచ్చి ఇంటాను."